ఒక్కడి సైకిలు, అందరి చట్టం: ఆఫ్రికా వికలాంగుల ఉద్యమం, డాక్యుమెంటరీ సినిమా

ఆఫ్రికాలో వికలాంగుల హక్కులకి మద్దతు కూడగట్టాలంటే డాక్యుమెంటరీ తియ్యాలి అన్న అభిప్రాయం గత ఇరవై ఏళ్లలో బాగా బలపడింది. సంఘాలు కరపత్రాలు వేస్తే కదలని దాతలూ, మెమొరాండాలు ఇస్తే కదలని మంత్రులూ గంటన్నర సినిమా చూస్తే కదులుతారని ఆశ. ఈ ఆశని మేం కొట్టిపారెయ్యడం లేదు. కదిలిన సందర్భాలు వున్నాయి. అయితే కదిలింది ఎవరు, ఎటువైపు కదిలారు, ఆ కదలికతో వచ్చిన డబ్బూ పేరూ చివరికి ఎవరి చేతికి చేరాయి అనే లెక్క తేలకుండా ఈ సినిమాల్ని మెచ్చుకోవడం కుదరదు. దళిత సాహిత్యం విషయంలో సానుభూతి వేరు, స్వానుభవం వేరు అని మన దగ్గర జరిగిన చర్చ కూడా ఈ లెక్క గురించే.

ఆ చర్చ నేర్పిన చూపుతో నాలుగు చిత్రాల్ని ఇక్కడ పరిశీలిస్తున్నాం. ఘనా నుంచి ‘ఇమ్మాన్యుయెల్స్ గిఫ్ట్’ (2005), జింబాబ్వే నుంచి ‘మ్యూజిక్ బై ప్రూడెన్స్’ (2010), కాంగో నుంచి ‘బెండా బిలిలి’ (2010), టాంజానియా నుంచి ‘ఇన్ ద షాడో ఆఫ్ ద సన్’ (2012). నాలుగూ పేరు తెచ్చుకున్నవే. నాలుగింటి దర్శకులూ ఆ దేశాలకి బయటి నుంచి వచ్చినవాళ్లే.

ఒక మాట ముందే చెప్పాలి. కులమూ వైకల్యమూ ఒకటే అని మేం అనడం లేదు. వైకల్యం అగ్రకులాల ఇళ్లలోనూ వుంటుంది. ఆ ఇళ్లలో దాన్ని మొయ్యడానికి ఆస్తీ, చదువూ, పరపతీ వుంటాయి. మాల మాదిగ పల్లెలో అవి వుండవు. తేడా చిన్నది కాదు. కానీ ఈ రెండింటినీ ఒకే పుస్తకం ఒకే కంటితో చూసింది. చండాలుణ్ణి ఊరి బయట పెట్టమన్న మనుస్మృతే, తొమ్మిదో అధ్యాయంలో, పుట్టుకతో చూపూ వినికిడీ లేనివాళ్లకి ఆస్తిలో వాటా లేదంది. ఒంటిని బట్టి మనిషికి విలువ కట్టే దగ్గర ఈ రెండు బాధలూ కలుస్తాయి. మా పరిశీలన అక్కడి నుంచే మొదలవుతుంది.

జాలి బొమ్మ, సంఘం పుట్టుక

1984 అక్టోబర్‌లో బీబీసీ ఇథియోపియా కరువు దృశ్యాలు చూపించింది. 1985 జూలైలో లైవ్ ఎయిడ్ కచేరీ జరిగింది. విరాళాలు వరదలా వచ్చాయి. వాటితోపాటు ఆఫ్రికా అంటే చెయ్యి చాచిన ఎముకల గూడు అనే బొమ్మ కూడా ప్రపంచం బుర్రలో దిగిపోయింది. దాని మీద ఎంత విమర్శ వచ్చిందంటే, మూడో ప్రపంచం బొమ్మల్ని ఎట్లా వాడాలి అన్న నియమావళిని యూరప్ స్వచ్ఛంద సంస్థలే 1989లో రాసుకోవాల్సి వచ్చింది. అదే కాలంలో లండన్‌లో వికలాంగుల పేరుతో చందాలు వసూలు చేసే ఐటీవీ టెలిథాన్‌కి ఎదురుగా వికలాంగులే 1990లోనూ 1992లోనూ నిరసనకి దిగారు. మీ జాలి మాకొద్దన్నారు. 1992 తర్వాత ఆ కార్యక్రమం మళ్లీ జరగలేదు.

ఆఫ్రికా వికలాంగులు ఈ కెమెరాలు వచ్చేదాకా నోరు లేకుండా కూచున్నారని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. 1980లో కెనడాలోని విన్నిపెగ్‌లో పునరావాస నిపుణుల అంతర్జాతీయ సంస్థ మహాసభ జరిగింది. సంస్థ నడిపించే చోట వికలాంగులకి సగం ప్రాతినిధ్యం కావాలని అక్కడ తీర్మానం పెడితే డాక్టర్లూ నిపుణులూ ఓడించారు. వికలాంగులు బయటికొచ్చి 1981లో సింగపూర్‌లో తమ సొంత అంతర్జాతీయ సంస్థ పెట్టుకున్నారు. 1986లో ఆఫ్రికా దక్షిణ ప్రాంత దేశాల సంఘాలు కలిసి సాఫోడ్ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. అది జింబాబ్వేలోని బులవాయో కేంద్రంగా పనిచేసింది. దాని నాయకుల్లో ఒకరైన జాషువా మలింగా తర్వాత ఆ నగరానికే మేయర్ అయ్యారు. మేం లేకుండా మా గురించి ఏదీ వద్దు అనే నినాదాన్ని జేమ్స్ చార్ల్టన్ 1998లో తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. అతను ఆ మాట విన్నది 1993లో, దక్షిణాఫ్రికా వికలాంగుల నాయకులు మైకేల్ మసుతా, విలియం రోలండ్‌ల నోట. సగం సీట్ల కోసం కొట్లాడి, ఓడి, బయటికొచ్చి సొంత సంఘం పెట్టుకున్న ఈ చరిత్ర దళిత పాఠకులకి కొత్తగా అనిపించదు. సినిమాల్ని ఈ చరిత్ర పక్కన పెట్టి చూడాలి.

సైకిలు ఎవరిది, చట్టం ఎవరిది

ఇమ్మాన్యుయెల్ ఒఫోసు యెబోవా 1977లో ఘనాలో కుడికాలు సరిగా ఎదగకుండా పుట్టాడు. తండ్రి వదిలేసి పోయాడు. తల్లి కూరగాయలమ్మి పెంచింది. అక్రాలో బూట్లు తుడిచి బతికాడు. అడుక్కోవడం ఇష్టంలేక అమెరికాలోని ఒక క్రీడా సంస్థకి ఉత్తరం రాసి సైకిలు తెప్పించుకున్నాడు. 2001-02లో ఒక్క కాలితో తొక్కుతూ దేశంలో దాదాపు 600 కిలోమీటర్లు తిరిగాడు. తర్వాత కాలిఫోర్నియాలో ఆపరేషన్ జరిగి కృత్రిమ కాలు అమరింది. లీసా లాక్స్, నాన్సీ స్టెర్న్ అనే అక్కచెల్లెళ్లు తీసిన ఈ చిత్రానికి ఓప్రా విన్‌ఫ్రీ గొంతు అరువిచ్చింది.

ఇందులో మాకు విలువైనవిగా కనిపించినవి రెండున్నాయి. మొదటిది, అతను వేసుకున్న చొక్కా. దాని మీద ‘పోజో’ అని వుంటుంది. వికలాంగుణ్ణి తక్కువ చేసి పిలిచే మాట అది. దాన్నే ఒంటి మీద రాసుకుని ఊరూరా తిరిగాడు. మన దగ్గర గాంధీ ఇచ్చిన ‘హరిజన’ మాటని తిప్పికొట్టి, నలగ్గొట్టబడ్డవాళ్లం అనే అర్థంతో ‘దళిత’ అని మనకి మనం పేరు పెట్టుకున్నాం. 2015 డిసెంబర్‌లో ప్రధానమంత్రి మోదీ వికలాంగులకి ‘దివ్యాంగులు’ అని కొత్త పేరు ప్రకటిస్తే, మెట్లెక్కలేని మనిషికి దివ్యత్వం దేనికి, ర్యాంపు కట్టండి అని వికలాంగుల సంఘాలు అడిగాయి. పైవాడు పెట్టిన ముద్దుపేరు కంటే మనం ఎత్తుకున్న తిట్టు గట్టిదని పోజో చొక్కా చెప్తుంది.

రెండోది, రాజు దగ్గరికి అతను వెళ్లిన ఘట్టం. చీఫ్ కావాల్సినవాడి ఒంట్లో ఏ లోపమూ వుండకూడదన్నది అకాన్ ప్రజల కట్టుబాటు. రాజు ఎదటికి వికలాంగులు రాకూడదన్న పట్టింపు కూడా దాని నీడే. అక్యెమ్ అబువాక్వా రాజు ఒసాగ్యెఫువో అమోతియా ఒఫోరి పానిన్ ఇమ్మాన్యుయెల్‌ని లోపలికి రానిచ్చాడు. గుడి మెట్ల దగ్గరే ఆగిపోయిన మన పెద్దల్ని గుర్తు చేసుకుంటే ఆ గుమ్మం దాటడం ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది.

పేచీ ఇక్కడి నుంచే వస్తుంది. ఘనా పార్లమెంటు 2006లో వికలాంగుల చట్టం చేసింది, అది 715వ చట్టం. సినిమా వచ్చిన మరుసటేడే చట్టం వచ్చింది కాబట్టి, సైకిలు తొక్కాడు, చట్టం వచ్చింది అన్న కథ దాతల లోకంలో చెలామణి అయింది. కానీ ఘనా 1992 రాజ్యాంగం 29వ అధికరణంలోనే వికలాంగుల హక్కులున్నాయి. 1987లోనే అంధుల, బధిరుల, శారీరక వికలాంగుల సంఘాలు కలిసి సమాఖ్య కట్టుకున్నాయి. రాజ్యాంగంలోని మాట చట్టంగా మారడానికి పద్నాలుగేళ్లు పట్టింది. ఆ పద్నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఈ సంఘాలవాళ్లు. సినిమా వెంటపడింది సైకిలు వెంట. మీటింగులూ, ముసాయిదాలూ, వాయిదాలూ తెర మీద అందంగా కనపడవు. అవి లేకుండా మాత్రం చట్టాలు రావు.

నష్టం కీర్తి పంపకంతో ఆగదు. ప్రజలు వచ్చిపోయే పాత భవనాల్ని పదేళ్లలో అందరూ ప్రవేశించేట్టు మార్చాలని ఆ చట్టం చెప్పింది. గడువు 2016తో ముగిసింది. పనులు ముగియలేదు. చట్టం రావడంతో వీరుడి కథ సుఖాంతమవుతుంది, దాత లేచి చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. చట్టం అమలు కాలేదని అడగడానికి పదేళ్ల తర్వాత మిగిలేది సంఘమే. సినిమా ఎవరి కోసం మద్దతు కూడగట్టిందో వాళ్లకి ఆ రోజు అవసరమైన మద్దతు మాత్రం లేదు.

మైకు దగ్గర ఇద్దరు

‘మ్యూజిక్ బై ప్రూడెన్స్’ అరగంట పైచిలుకు చిత్రం. ప్రూడెన్స్ మబేనా కీళ్లు బిగుసుకుపోయే స్థితితో పుట్టిన గాయని. బులవాయోలోని కింగ్ జార్జ్ ఆరో పాఠశాలలో తోటి వికలాంగ విద్యార్థులతో కలిసి ‘లియానా’ అనే బృందంలో పాడింది. ఆమె గొంతు ముందు మా విమర్శ చిన్నబోతుంది. కుటుంబం తనని ఎట్లా చూసిందో ఆమె చెప్పే తీరులో ఏడుపు లేదు, సాక్ష్యం వుంది.

2010 మార్చిలో ఈ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. దర్శకుడు రోజర్ రాస్ విలియమ్స్ వేదిక మీద మాట్లాడుతుండగా నిర్మాత ఎలినార్ బర్కెట్ వచ్చి మైకు లాక్కుంది. పత్రికలు దీన్ని తమాషాగా రాశాయి. గొడవలోని అసలు విషయం తమాషా కాదు. సినిమా బృందం మొత్తం గురించి వుండాలని ఆవిడ అనుకుంది, ప్రూడెన్స్ ఒక్కతి చుట్టూ వుండాలని అతను నిర్ణయించాడు. సంఘమా, ఒంటరి వీరుడా అన్న ప్రశ్నే ఇది. ఆ ప్రశ్నని ఎడిటింగ్ గదిలో తేల్చుకున్నదీ, మైకు దగ్గర పోట్లాడుకున్నదీ ఇద్దరు అమెరికన్లు. లియానా సభ్యులు అందులో లేరు. దర్శకుడు నల్లజాతి మనిషి. ఆస్కార్ గెల్చిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ దర్శకుడు. ఆ గెలుపు విలువని మేం తగ్గించం. ఒక అణచివేత తెలిసినంత మాత్రాన రెండో అణచివేత మీద మాట్లాడే హక్కు దానంతటది రాదని మాత్రం అంటాం. ఈ మాట దళిత మగ మేధావులకి దళిత స్త్రీలు ఎప్పుడో చెప్పారు.

ఇంకో సంగతి. సాఫోడ్ నడిచిన బులవాయోలోనే ఈ పాట పుట్టింది. వికలాంగుల ఉద్యమం ఒక మేయర్‌ని ఇచ్చిన ఊరు అది. ప్రపంచానికి ఆ ఊరు అందమైన గొంతు వున్న ఒక అమ్మాయి ఊరుగా మాత్రమే తెలిసింది.

నది దాటిన పాట

నాలుగింటిలో మాకు ఎక్కువ నచ్చింది ‘బెండా బిలిలి’. లింగాలా భాషలో ఆ పేరుకి పైరూపాన్ని దాటి చూడు అని అర్థం. రెనో బారే, ఫ్లోరాఁ ద లా తుల్లాయె అనే ఫ్రెంచి దర్శకులు కిన్షాసా వీధుల్లో పోలియో సోకిన సంగీతకారుల బృందంతో ఏళ్ల తరబడి తిరిగి తీశారు. రికీ లికాబు, కోకో ఎన్‌గంబాలి ముందు వరసలో వుంటారు. డబ్బా రేకుకి ఒక్క తీగ కట్టి వాయించే వీధి కుర్రాడు రోజర్ లాండు వాళ్లతో చేరతాడు. జంతుప్రదర్శనశాల తోటలో రిహార్సల్ చేస్తారు. అట్టల మీద పడుకోవడం గురించి పాడతారు. పిల్లలకి పోలియో చుక్కలు వేయించండని తల్లిదండ్రులకి పాటలో చెప్తారు. 2010 కాన్ ఉత్సవంలో దర్శకుల పక్షం విభాగం ఈ చిత్రంతోనే మొదలైంది.

ఇందులో వికలాంగులు ఇచ్చేవాళ్లు. వీధి పిల్లవాడికి నీడ ఇస్తారు, దేశానికి ఆరోగ్యం చెప్తారు, తమలో తాము పోట్లాడుకుంటారు, నవ్విస్తారు. కిన్షాసాకి ఎదురుగా కాంగో నదికి అవతల బ్రాజావిల్ వుంది. పడవ చార్జీలోనూ సుంకంలోనూ దొరికిన వెసులుబాటుని పట్టుకుని, వికలాంగులు మూడు చక్రాల బండ్లలో సరుకు నింపి ఈ రెండు నగరాల మధ్య పెద్ద వ్యాపారమే నడిపారు. ఆ లోకం తెలిసినవాళ్లకి ఈ బృందం వింతగా కనిపించదు. దయ అడగని, బేరమాడే లోకం అది. ఆ పొగరు పాటలో వినపడుతుంది.

సినిమా యూరప్ చప్పట్లతో ముగుస్తుంది. బతుకు అక్కడ ముగియలేదు. 2013 నాటికి డబ్బు, మేనేజ్‌మెంటు తగాదాల్లో బృందం చీలిపోయింది. కోకో, తెయో బయటికొచ్చి ఎమ్‌బోంగ్వానా స్టార్ అనే పేరుతో 2015లో వేరే రికార్డు చేశారు. పాట వాళ్లది, బతుకు వాళ్లది. ఒప్పందం కాగితాలు మాత్రం ఇంకొకరి భాషలో, ఇంకొకరి చట్టం ప్రకారం వుంటాయి. మన డప్పు కళాకారుల్ని ఉత్సవాలకి తీసుకెళ్లి శాలువా కప్పి పంపించే ఏర్పాట్లు చూసినవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎండ, కత్తి

టాంజానియా చిత్రం బరువైనది. ఆల్బినిజం వున్నవాళ్ల ఒంట్లో రంగునిచ్చే పదార్థం చాలా తక్కువగా వుంటుంది, లేదా అసలే వుండదు. స్వాహిలీలో వాళ్లని ‘జెరుజెరు’ అని దయ్యాల్లాగా పిలుస్తారు. వాళ్ల అవయవాలు అదృష్టం తెస్తాయన్న నమ్మకాన్ని అమ్ముకున్న మంత్రగాళ్ల వల్ల 2007 నుంచి హత్యలు బయటపడ్డాయి. 2008లో ఈ వ్యాపారాన్ని బయటపెట్టిన బీబీసీ విలేఖరి వికీ ఎన్టెటెమా బెదిరింపుల వల్ల దాక్కోవాల్సి వచ్చింది. హ్యారీ ఫ్రీలాండ్ చిత్రంలో జోసెఫాట్ టార్నర్ అనే ఆల్బినిజం వున్న కార్యకర్త ఊరూరా తిరిగి, హత్యలు జరిగిన చోటికే వెళ్లి జనంతో మాట్లాడతాడు. మేం దెయ్యాలం కాదు, మీలాగే చనిపోతాం, మమ్మల్ని పాతిపెట్టాల్సి వుంటుంది అని వాళ్లకి వివరించాల్సిన గతి అతనిది.

ఇమ్మాన్యుయెల్ చిత్రానికీ దీనికీ తేడా వుంది. టార్నర్ వీరుడే గానీ అతని పని తన ఒంటి మీద గెలుపు సాధించడం కాదు, ఎదటివాళ్ల బుర్రతో తలపడటం. లోపం తన దగ్గర లేదనీ, కత్తి పట్టుకున్న సమాజంలో వుందనీ ఈ చిత్రం తేటగా చూపిస్తుంది. ఆస్ట్రేలియా వికలాంగ పాత్రికేయురాలు స్టెల్లా యంగ్ ఎండగట్టిన, పక్కవాళ్లకి స్ఫూర్తినివ్వడానికి వికలాంగుణ్ణి వస్తువుగా వాడుకునే పద్ధతి ఇక్కడ తక్కువ.

అయినా ఒక చిక్కు వుంది. కత్తి కంటే ఎక్కువమందిని చంపేది ఎండ. చర్మ క్యాన్సర్ నెమ్మదిగా చంపుతుంది. టోపీ, పొడుగు చేతుల చొక్కా, లేపనం, చూపు ఆనని పిల్లవాడికి బడిలో ముందు బెంచీ కావాలి. హత్య వార్త అవుతుంది, ముందు బెంచీ వార్త కాదు. భయంకరమైన దానికోసం వచ్చిన ప్రేక్షకుణ్ణి మామూలు అవసరం దాకా నడిపించడమే ప్రచార చిత్రానికి అసలు పరీక్ష. చిత్రం పేరులో సూర్యుణ్ణి పెట్టిన దర్శకుడు ఈ సంగతి ఎరుగును. తర్వాత అతను పెట్టిన స్టాండింగ్ వాయిస్ అనే సంస్థ టాంజానియాలో చర్మ వైద్యం, కంటి పరీక్షలు చేపట్టింది. ఐక్యరాజ్యసమితి 2014లో జూన్ 13ని ఆల్బినిజం దినంగా ప్రకటించింది. 2015లో నైజీరియాకి చెందిన, తనకే ఆల్బినిజం వున్న ఇక్పోన్‌వోసా ఏరోని స్వతంత్ర నిపుణురాలిగా నియమించింది. ఒక్క సినిమా వల్ల ఇదంతా జరగలేదు. సంఘాలు, విలేఖరులు, సినిమాలు కలిసి ఒత్తిడి తెస్తే ఏం జరుగుతుందో చూపిస్తుంది.

మన గడ్డ మీద ఇదే ప్రశ్న

నల్లగొండ ఫ్లోరైడ్ మనకి తెలిసిన కథ. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క నియోజకవర్గంలో 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం పుస్తకమై కూచుంది, ఎన్నికే వాయిదా పడింది. 2003లో జలసాధన సమితి వాళ్లు ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన అంశాల స్వామిని ప్రధాని వాజ్‌పేయి బల్ల మీద పడుకోబెట్టి చూపించారు. స్వామి 2023లో చనిపోయారు. ఈ రెండు ఘట్టాల్లో జనానికి గుర్తుండిపోయింది రెండోదే. బల్ల మీది ఒళ్లు ఫొటోకి పనికొచ్చింది. 480 నామినేషన్ల వెనక వున్న జనం బుద్ధి ఫొటోలో పట్టలేదు. ఒళ్లు చూపించడం తప్పని మేం అనం, చూపించింది సంఘమే, స్వామి అందులో మనిషే. ఒంటి వెనక సంఘం కనపడకపోతే మిగిలేది జాలి మాత్రమే అంటున్నాం.

కెమెరా ఎవరి చేతిలో వుండాలి అన్నదానికి కూడా మన దగ్గర జవాబు వుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, వీడియో నేర్చుకుని వరంగల్ బీటీ పత్తి రైతుల నష్టాన్ని 2003లో చిత్రంగా తీశారు. నిపుణులు చెప్పిన లెక్కని చేలో నిలబడి ప్రశ్నించారు. వాళ్లకి కెమెరా వేరే లోకం సాధనం కాదు, కొడవలి లాగా పనిముట్టు. ఆఫ్రికా వికలాంగుల చేతికి ఈ పనిముట్టు చేరిన నాడు తీసే సినిమాలో మొదటి షాట్ ఏమై వుంటుంది? అది మనిషి కాలి మీద వుండదని మా నమ్మకం. బహుశా మెట్ల మీద వుంటుంది.

అడగాల్సిన ప్రశ్నలు

ఆఫ్రికన్ యూనియన్ వికలాంగుల హక్కుల ప్రోటోకాల్‌ని 2018 జనవరిలో ఆమోదించింది. 15 దేశాలు ధృవీకరించేదాకా అది కాగితమే. ఆ సంఖ్య పూర్తయి అమల్లోకి రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. మంత్రతంత్రాల హత్యల్నీ, వికలాంగుల్ని ఇంట్లో దాచిపెట్టడాన్నీ పేరు పెట్టి నిషేధించిన పత్రం అది. ఆ ఆరేళ్లలో రాజధాని రాజధానికీ తిరిగి సంతకాలు అడిగిన సంఘాలవాళ్ల మీద పేరున్న సినిమా మాకు కనపడలేదు. డాక్యుమెంటరీ మద్దతు కూడగట్టాల్సిన చోటు అసలు ఇదే.

అందుకని సినిమా చూపించి చందా అడిగేవాళ్లని ఇకనుంచి నాలుగు ప్రశ్నలు అడగాలంటున్నాం. ఎడిటింగ్ గదిలో వికలాంగులు ఎంతమంది వున్నారు? సినిమా వాళ్ల భాషలో, వాళ్ల ఊళ్లో ఆడిందా, చూపు లేనివాళ్లకి వర్ణనతో, వినికిడి లేనివాళ్లకి సంజ్ఞలతో అందిందా? వచ్చిన డబ్బు మీద సంతకం ఎవరిది? సినిమా అయిపోయాక పదేళ్లకి చట్టం అమలు గురించి అడిగే సంఘం పేరు తెర మీద ఎక్కడైనా పడిందా? నాలుగింటికీ జవాబు దొరికితే ఆ చిత్రం ఎట్లా తీసినా దాని వెంట నడవొచ్చు. దొరక్కపోతే, ఎంత గొప్పగా తీసినా, అది ఇంకొకరి పుణ్యం కోసం మనిషి ఒంటిని అప్పు తెచ్చుకోవడమే. అట్లాంటి అప్పులు తీరిన చరిత్ర మనకి తెలిసినంతలో లేదు.